గోల్డ్‌స్మిత్ కథ ధవళేశ్వరం ఎలా వచ్చింది?

శ్రోతలకు నమస్కారం. నవలా రచయిత ఎదురుపడితే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ మీద ఎవరి ప్రభావం ఉందండీ?" ఆయన నాలుగు పేర్లు చెబుతారు, మనం తలూపుతాం. అసలు అడగాల్సింది, వాళ్ళ దగ్గర ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు అని.

మన గోదావరి ఒడ్డునే దీనికి మంచి ఉదాహరణ ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము'. 1878లో ఆయన సొంత పత్రిక 'వివేకవర్ధని'లో విడతలుగా వచ్చింది. దానికి ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల, 1766 నాటి 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. పంతులుగారు మొదట దాన్ని తెనిగించడానికే కూర్చున్నారు. మనవాళ్ళకి అతకదనిపించి మానేసి, సొంతంగా మొదలుపెట్టారు. ఆ మానెయ్యడంలోనే ఉందండీ నేర్పంతా.

ఇంగ్లీషు కథలో నాయకుడైన మతగురువు సొమ్మంతా పట్నంలో ఒక వర్తకుడి చేతిలో ఉంటుంది. వాడు దివాలా తీసి పారిపోతాడు, సంసారం చితికిపోతుంది. మరి ధవళేశ్వరంలో రాజశేఖరుడు ఎలా చితకాలి? పొగిడినవాడికల్లా పెట్టి కొంత పోగొట్టుకుంటాడు. బంగారం చేసిస్తానన్న బైరాగిని నమ్మి మిగతాది పోగొట్టుకుంటాడు. పతనం అదే, కారణం మాత్రం మనది. అక్కడ సంసారం చిన్న ఉద్యోగం కోసం ఇంకో ఊరు పోతే, ఇక్కడ కాశీయాత్రకని బయలుదేరుతుంది. అక్కడ మారువేషంలో తిరిగే దొర ఉంటే, ఇక్కడ రామరాజు పేరుతో తిరిగే పెద్దాపురం ప్రభువు.

అదే పంతులుగారు 'గలివర్ యాత్రలు' రాసిన స్విఫ్ట్‌ని చదివి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. ఆడవాళ్ళు ఏలే దేశమొకటి కల్పించి, మన ఆడవాళ్ళ పాట్లన్నీ అక్కడి మగవాళ్ళ చేత పడించారు. ప్రక్రియ మారింది, పోట్లాట మాత్రం సంఘంతోనే.

ఇప్పుడు రాసేవాళ్ళకి పనికొచ్చే మాట ఒక్కటి. మీకు నచ్చిన అపరాధ పరిశోధన నవల ఒకటి తీసుకోండి. సంఘటనలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన "ఎందుకు?" అని వేసుకోండి. ఆ కారణం మన ఊళ్ళో చెల్లుతుందా? చెల్లకపోతే కొట్టేసి, చెల్లేది వెతకండి.

ఉదాహరణకి, మంచు తుపానులో ఒంటరి ఇల్లు, లోపల ఆరుగురు, ఒక హత్య. దీన్ని కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉండే లంకకి తెచ్చి, మంచు తీసేసి వరద పెడితే చాలనుకుంటారు. చాలదు. మంచు ఒక్క రాత్రిలో దారి మూసేస్తుంది. గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరగగానే ఇక్కడ కబురు తెలుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జనాన్ని ఏటిగట్టు మీదకి చేర్చడానికి పడవలు వస్తాయి. మరి మీ ఆరుగురూ ఇంట్లోనే ఎందుకుండిపోయారు?

దీనికి జవాబు లేకపోతే పదో పేజీలోనే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. పాడిగేదెల్ని వదల్లేక ఒకరు. అరటి గెలలు నీట మునిగేలోపు దింపుకుందామని ఒకరు. "ఎనభైయారు వరదే మన అరుగు ఎక్కలేదు, కూర్చోండర్రా" అనే తాతగారు ఒకరు. కరెంటు పోయాక సెల్‌ఫోన్లు ఎన్ని గంటలు పనిచేస్తాయో కూడా లెక్క చూసుకోండి. లేకపోతే ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చేసేస్తారు, కథ అక్కడితో సరి. ఇక ఏ కారణమూ లేకుండా ఇంట్లో ఉండిపోయినవాడి మీదకే పాఠకుడి అనుమానం ముందు పోతుంది. అంచేత హంతకుడికి మిగతా అయిదుగురికన్నా గట్టి కారణం, అదీ మొదటి హెచ్చరిక రాకముందే, రాసిపెట్టుకోండి. నమస్కారం.