ముందు అడిగి, తర్వాత తవ్వినవాడు

శ్రోతలకు నమస్కారం. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఇలాంటి అంకెలు వినీ వినీ చెవులు మొద్దుబారిపోతాయి. అందుకని ఇవాళ ఒక్క ఊరి కథే చెబుతాను.

అలాస్కాలో సముద్రం ఒడ్డున బ్రెవిగ్ మిషన్ అని చిన్న పల్లె ఉంది. 1918 నవంబరు 15 నుంచి 20 లోపల, ఊళ్లోని 80 మంది పెద్దవాళ్లలో 72 మంది చనిపోయారు. ఎనభైలో డెబ్బైరెండు! అందరినీ ఒకేచోట పూడ్చి శిలువలు పాతారు. అక్కడ భూమి లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది.

1951లో యోహాన్ హల్టిన్ అనే కుర్రవాడు ఆ ఊరికి వెళ్లాడు. స్వీడన్ నుంచి వచ్చి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. ఆ చలికి దేహాలు చెడకుండా ఉంటే, వాటిలో వైరస్ కూడా మిగిలి ఉండొచ్చని అతని ఆశ. వెళ్లగానే పార పట్టలేదు. ఊరిపెద్దల దగ్గర కూర్చుని, ఎందుకొచ్చాడో చెప్పి, అనుమతి అడిగాడు. వాళ్లు సరేనన్నారు.

నేల రాయిలా ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టెలు ఏరి, మంట పెట్టి, కరిగినంత మేర తవ్వడం, మళ్లీ మంట పెట్టడం. మొదట కనిపించింది ఒక చిన్నపిల్ల. నీలంగౌను, జుట్టుకు ఎర్ర రిబ్బన్లు. మా రోజుల్లో బడికెళ్లే ప్రతి ఆడపిల్ల జడకీ ఆ ఎర్ర రిబ్బన్లే కదండీ. ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనిపించదు నాకు.

హల్టిన్ ఊపిరితిత్తుల ముక్కలు తీసుకుని బయల్దేరాడు. దారిలో అవి కరిగిపోకుండా, విమానం ఆగినచోటల్లా మంటలార్పే సిలిండర్ గ్యాసు కొట్టి చల్లబరిచాడు. ప్రయోగశాలలో కోడిగుడ్లలోకి ఎక్కించి చూశాడు. ఏమీ పెరగలేదు.

తర్వాత 46 ఏళ్లు గడిచాయి. 1997లో జెఫరీ టాబెన్‌బర్గర్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం, 1918లో చనిపోయిన ఒక సైనికుడి ఊపిరితిత్తి ముక్కలోంచి ఆ వైరస్ జన్యువుల తునకలు పట్టుకుంది. ఆ వ్యాసం హల్టిన్ కంటపడింది. అప్పటికాయనకు 72 ఏళ్లు. సొంత డబ్బుతో, భార్య తోటపనికి వాడే కత్తెర కూడా పట్టుకుని బయల్దేరాడు. ఒకసారి అనుమతి ఇచ్చారు కదా అని ఊరుకోలేదు. మళ్లీ ఊరివాళ్లని అడిగాడు. మళ్లీ అడిగాడు, చూడండి! నాకు ఆయన నచ్చింది ఇక్కడే.

ఈసారి ఒక లావుపాటి స్త్రీ దేహం దొరికింది. ఒంట్లో కొవ్వు ఉండబట్టి ఆమె ఊపిరితిత్తులు చెడలేదు. ఆమెకు లూసీ అని పేరు పెట్టుకున్నాడు. వైరస్ ఆనవాళ్లు ఆమెలో దొరికాయి. 2005 నాటికి ఆ వైరస్ జన్యుక్రమం మొత్తం తేలింది. గోతిని మళ్లీ పూడ్చాక, పాత శిలువలు పాడైపోయాయని హల్టిన్ కొత్తవి రెండు చేసి నాటాడు. ఆ తర్వాత 72 మంది పేర్లూ ఇత్తడి పలకల మీద చెక్కించి పెట్టాడు.

మన దగ్గర ఎక్కువమందిని దహనం చేశారు. కాబట్టి మీ ఊళ్లో ఆ ఏడు ఏం జరిగిందో తెలియాలంటే పాత మరణాల రిజిస్టర్లే ఆధారం. కారణం గడిలో ఇన్‌ఫ్లుయెంజా అని వెతక్కండి. చాలాచోట్ల ఉత్త 'జ్వరం' అనే రాశారు. 1917 పుటలూ 1918 పుటలూ పక్కపక్కన పెట్టుకుని సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఎన్ని మరణాలో లెక్కపెట్టండి. తేడా అక్కడే బయటపడుతుంది. పాత చర్చి సమాధుల దగ్గర రాళ్లు చదవాలనుకుంటే మాత్రం, ఫోన్ తీసి ఫొటోలు కొట్టేముందు పాస్టరుగారికి ఒక మాట చెప్పండి. ఆ కుటుంబాలవాళ్లు ఇంకా ఆ వీధిలోనే ఉండొచ్చు.