రెడ్ వైన్‌లో తెల్లసొన ఎందుకు?

హోస్ట్: అందరికీ నమస్తే. ఫ్రాన్స్‌లోని బోర్దోలో కొన్నేళ్లు వైన్ తయారీలో పనిచేసొచ్చిన అన్న ఇవాళ మనతో ఉన్నాడు. అన్నా, రెడ్ వైన్‌లో కోడిగుడ్డు వేస్తారట, నిజమేనా?

అతిథి: నిజమే. గుడ్డంతా కాదు, తెల్లసొన మాత్రమే. అక్కడి పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే 300 సీసాలు. దానికి ఐదారు గుడ్ల సొన చాలు. చిటికెడు ఉప్పు, కాసిని నీళ్లు వేసి, నురగ రాకుండా మెల్లిగా గిలక్కొట్టి పీపాలో కలుపుతారు. తర్వాత కొన్ని వారాలు దాని జోలికి పోరు. మడ్డి అడుగుకు దిగాక, పైన తేరిన వైన్‌ని ఇంకో పీపాలోకి తీస్తారు. దీన్నే ఫైనింగ్ అంటారు.

హోస్ట్: మా అమ్మమ్మ బురద నీళ్ల కుండలో ఇండుపగింజ అరగదీసేది. అలాంటిదేనా?

అతిథి: చూడ్డానికి అంతే. కానీ రెడ్ వైన్‌లో తేటదనం సగం పనే. నేరేడుపండ్లు తిన్నాక నీ నాలుక ఎలా ఉంటుంది?

హోస్ట్: ఊదాగా! ఎండిపోయి బరుసుగా కూడా ఉంటుంది.

అతిథి: ఆ వగరు టానిన్ అనే పదార్థం పని. రెడ్ వైన్‌లోనూ అదే ఉంటుంది. మన ఉమ్ములో ప్రొటీన్లుంటాయి కదా, టానిన్ వాటిని పట్టుకుని ముద్ద కడుతుంది. నోట్లో జారుడు పోతుంది. తెల్లసొనా ప్రొటీనే. అందుకని నీ ఉమ్మును పట్టుకోవాల్సిన టానిన్ పీపాలోనే గుడ్డును పట్టుకుని అడుగుకు పోతుంది. అదీ గరుకు టానిన్లే ఎక్కువగా పోతాయి, అందుకే తాగేటప్పుడు నునుపుగా తగులుతుంది.

హోస్ట్: అంటే మన నాలుక బదులు గుడ్డు దెబ్బలు తింటోంది!

అతిథి: (నవ్వు) అంతే. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జెలటిన్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే దానిది దూకుడు. ఒకసారి నేను తొందరపడి, ముందు చిన్న గ్లాసుల్లో మోతాదు చూసుకోకుండానే మెర్లో అనే ద్రాక్ష రకంతో చేసిన వైన్‌లో ఎక్కువ వేసేశాను. వైన్ అద్దంలా తేరింది. నోట్లో పోసుకుంటే వాసన లేదు, బలం లేదు, రంగు కూడా పలచబడింది. తీసేసింది తిరిగి రాదు కదా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హోస్ట్: మట్టి కూడా వాడతారని విన్నాను?

అతిథి: బెంటొనైట్. అది ప్రొటీన్లను లాగుతుంది. వైట్ వైన్‌ని మసకబార్చేవి అవే, కాబట్టి దానికే ఎక్కువ పనికొస్తుంది. రెడ్‌లో వేస్తే రంగూ లాక్కుపోతుంది. ఒకప్పుడు ఎద్దు రక్తం కూడా పోసేవాళ్లు. పిచ్చి ఆవు జబ్బు భయంతో యూరప్‌లో 1997లో ఆపేశారు.

హోస్ట్: అమ్మో! మరి శాకాహారుల సంగతి?

అతిథి: బఠాణీ ప్రొటీన్, బంగాళాదుంప ప్రొటీన్ వచ్చాయి. 2012 నుంచి యూరప్‌లో గుడ్డు, పాల జాడ మిగిలితే లేబుల్ మీద రాయాలి. అసలేమీ వేయకుండా అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ సీసాలో మడ్డి కనిపిస్తే పాడైందనుకోకు. ఒకరోజు నిలబెట్టి, మెల్లిగా వంచి పోసుకో, ఆఖరి గుక్కెడు వదిలెయ్. నాకైతే అలాంటివే ఇష్టం.

హోస్ట్: ఇంతకీ అన్ని పీపాలకు గుడ్లు కొడితే, పచ్చసొనలన్నీ ఏం చేస్తారన్నా?

అతిథి: బోర్దోలో కనెలే అని చిన్న కేకులుంటాయి, పైన నల్లగా మాడినట్టు, లోపల మెత్తగా. ఆ మిగిలిన సొనలతోనే పుట్టాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నేనైతే వైన్ కంటే అవే ఎక్కువ తిన్నాను.