ఎవరు వింటార్లే అనుకున్న పాట

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం క్రికెట్ మ్యాచ్ వదులుకుని, యాభై ఏళ్ల నాటి ఒక ఇంగ్లీషు పాట గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. సంతోషం.

1974 డిసెంబరు మొదటి వారంలో అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక పాటల జాబితాలో ఒక పాట మొదటి స్థానానికి చేరింది. దాని పేరు 'కుంగ్ ఫూ ఫైటింగ్'. పాడినాయన కార్ల్ డగ్లస్, జమైకాలో పుట్టి లండన్‌లో పాటలు పాడుకుంటున్న గాయకుడు. పాటను తయారుచేసినాయన బిడ్డు. ఈయన మన పొరుగూరు బెంగళూరులో పుట్టారు, కొడగు కుటుంబం. రికార్డింగు జరిగింది లండన్‌లో. పాటలో ఉన్నదేమో హాంకాంగ్ సినిమాల కొట్లాట. హాంకాంగ్ మనిషి ఒక్కడూ లేకుండా హాంకాంగ్ గాలి పాటలోకి ఎలా దూరిందో, ఆ పాట ఇప్పటికీ పెళ్లి రిసెప్షన్లలో, పిల్లల పుట్టినరోజుల్లో ఎందుకు మోగుతోందో చూద్దాం.

డిస్కో అనగానే మనకు మెరిసే బంతీ, తెల్ల సూటూ, వేలు పైకెత్తి నిలబడ్డ హీరో గుర్తొస్తారు. అవన్నీ 1977 తర్వాతి బొమ్మలు. మనం మాట్లాడుకునేది అంతకంటే ముందు, డిస్కో అనే మాట ఇంకా సంగీతానికి పేరుగా గట్టిగా అతుక్కోని రోజుల సంగతి. న్యూయార్క్ క్లబ్బుల్లో బ్యాండు బదులు ఒకడు రికార్డులు వేస్తూ ఉండేవాడు, జనం ఆడుతూ ఉండేవారు. రేడియోలో రాని పాటలు అక్కడ హిట్ అవుతున్నాయని రికార్డు కంపెనీలకు మెల్లగా అర్థమవుతున్న కాలం అది. 1974 జూలైలో 'రాక్ ది బోట్', దాని వెనకే 'రాక్ యువర్ బేబీ', వరసగా రెండూ అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరులో బిల్‌బోర్డ్ పత్రిక క్లబ్బుల్లో ఏ పాటలు ఆడుతున్నాయో చెప్పడానికి విడిగా ఒక శీర్షికే మొదలుపెట్టింది. ఆ వరసలో మూడో పెద్ద దెబ్బ మన పాట.

మన తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. జాతరల్లో రికార్డింగ్ డాన్సులు చూసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు, ఒప్పుకోరు కానీ. అక్కడ ఏ పాటకు 'ఒన్స్ మోర్' పడితే అదే హిట్టు. రేడియో ఏమంటుంది, పత్రికలో విమర్శకుడు ఏం రాశాడు, ఎవడికీ పట్టదు. న్యూయార్క్, లండన్ క్లబ్బుల్లో అప్పుడు జరిగిందీ దాదాపు అదే.

ఇక బిడ్డు గారి దగ్గరికి వద్దాం. బెంగళూరులో కుర్రాళ్లతో కలిసి 'ట్రోజన్స్' అని బ్యాండు పెట్టి, హోటళ్లలో ఇంగ్లీషు పాటలు పాడేవారు. 1967లో ఇంగ్లండుకు బయల్దేరారు. విమానంలో కాదు, మధ్యప్రాచ్యం మీదుగా దొరికిన బండి పట్టుకుంటూ, దారిలో పాడుకుంటూ. లండన్ చేరాక చిన్నాచితకా పనులు చేసుకుంటూ కూడబెట్టిన డబ్బుతో పాటలు రికార్డు చేయించేవారు. 1972లో జిమ్మీ జేమ్స్ అనే గాయకుడితో ఆయన చేసిన 'ఎ మ్యాన్ లైక్ మి' పాట ఉత్తర ఇంగ్లండు డాన్సు క్లబ్బుల్లో బాగా ఆడింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

1974లో బిడ్డు ఒక పాట పాడించడానికి కార్ల్ డగ్లస్‌ను పిలిచారు. ఆ పాట 'ఐ వాంట్ టు గివ్ యూ మై ఎవ్రీథింగ్'. రాసింది లారీ వైస్ అనే అమెరికన్ రచయిత. 'రైన్‌స్టోన్ కౌబాయ్' అనే పెద్ద హిట్టు పాట రాసింది కూడా ఆయనే, అంటే ఆషామాషీ మనిషి కాదు. ఇక్కడ కుర్రవాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. అప్పట్లో సింగిల్ అంటే అరచేతి కంటే కాస్త పెద్దదైన నల్లటి ప్లేటు, నిమిషానికి 45 సార్లు తిరుగుతుంది. ఒకవైపు అమ్ముడుపోవాల్సిన పాట, అది ఏ సైడ్. రెండోవైపు ఖాళీగా వదిలేయలేరు కాబట్టి ఏదో ఒకటి నింపుతారు, అది బి సైడ్. దాని గురించి ఎవరూ టెన్షన్ పడరు.

మూడు గంటల రికార్డింగులో రెండు గంటల పైచిలుకు ఏ సైడ్‌కే సరిపోయింది. కాస్త టీ తాగి వచ్చాక, వెనకవైపుకి ఏం పెడదామని బిడ్డు అడిగితే, డగ్లస్ తన దగ్గరున్న నాలుగైదు పాటల సాహిత్యం చూపించాడు. అందులోంచి బిడ్డు ఎంచుకున్నది కుంగ్ ఫూ పాట. అక్కడికక్కడే వరస కట్టారు. మిగిలిన పది నిమిషాల్లో రెండు టేకులు తీసుకుని సర్దేశారు. ఎలాగూ బి సైడే కదా, ఎవరు వింటారని 'హు', 'హా' అనే అరుపుల్నీ, చేత్తో నరికే చప్పుళ్లనీ కావాలనే శ్రుతి మించి పెట్టించానని బిడ్డు తర్వాత చాలాసార్లు చెప్పారు.

ఈ పది నిమిషాల కథ అందరికీ ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ దాన్ని అదృష్టం కథగా చెప్పడం నాకు నచ్చదు. ఆ గదిలో వాయించినవాళ్లు రోజుకు రెండు మూడు రికార్డింగులు చేసే పనివాళ్లు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, బిడ్డుకు అప్పటికే డాన్సు క్లబ్బుల్లో కాళ్లు కదిలించే తాళం ఏమిటో చేతికొచ్చింది. పది నిమిషాల్లో చేయగలిగింది అందుకే. ఏ సైడ్ మీద రెండు గంటలు కూర్చున్నప్పుడు ఉన్న భయం, మర్యాద, ఇది హిట్ కావాలి అనే బరువు, ఇవేవీ ఈ పాట మీద లేవు. పాట బాగుండటానికి అదే కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక నిమిషం పాట వేస్తాం, వినండి.

విన్నారు కదా. పల్లవిలో ప్రతి పాదం చివర ఒక ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో 'హు' పడుతుంది, తర్వాతి పాదం చివర 'హా' పడుతుంది. ఇంగ్లీషు రానివాడు కూడా రెండోసారికి అక్కడ అరవగలడు. మూడో వరసలో ఇద్దరు అప్పుడే చెయ్యి ఆడించారు, నేను చూశాను. పాటలో మాటలకంటే ఆ ఖాళీలే గొప్ప. డాన్సు రానివాడికి కూడా ఏం చేయాలో పాటే చెబుతుంది. నడుం తిప్పడం రాకపోయినా గాల్లోకి ఒక దెబ్బ వేయడం ఎవరికైనా వచ్చు. సిగ్గుపడే మగవాళ్లను ఫ్లోర్ మీదికి లాగడానికి ఇంతకంటే సులువైన ఉపాయం డిస్కోలో ఇంకోటి రాలేదు.

రికార్డు తీసుకుని పై రికార్డ్స్ అనే కంపెనీకి వెళ్తే, అక్కడ రాబిన్ బ్లాంచ్‌ఫ్లవర్ అనే ఆయన రెండువైపులా విని, కుంగ్ ఫూ పాటే ముందువైపు ఉండాలని పట్టుబట్టారు. తీరా విడుదలయ్యాక మొదటి అయిదు వారాలు రేడియోలో ఎవరూ వేయలేదు, అమ్మకాలూ లేవు. క్లబ్బుల్లో మాత్రం మోగుతూనే ఉంది. క్లబ్బులో ఆడినవాళ్లు మర్నాడు షాపుకెళ్లి ఆ కుంగ్ ఫూ పాట ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు. సెప్టెంబరుకల్లా బ్రిటన్‌లో నంబర్ వన్, మూడు వారాలు కదల్లేదు. డిసెంబరులో అమెరికాలో రెండు వారాలు. మొత్తం 1 కోటీ 10 లక్షల రికార్డులు అమ్ముడుపోయాయని బిడ్డు చెబుతుంటారు. వెంటనే ఆల్బమ్ కూడా వేశారు. దాని పేరు 'కుంగ్ ఫూ ఫైటింగ్ అండ్ అదర్ గ్రేట్ లవ్ సాంగ్స్'. కొట్లాటనీ ప్రేమగీతాల కింద జమకట్టేశారు! ఆ పేరు పెట్టినవాడెవడో గానీ హాస్యం తెలిసినవాడు.

కాలం కూడా కలిసొచ్చింది, అది కాదనలేం. 1973లో హాంకాంగ్ ఫైటింగ్ సినిమాలు అమెరికాను ఊపేశాయి. ఆ ఏడాది జూలై 20న బ్రూస్ లీ 32 ఏళ్లకే చనిపోయాడు. నెల తిరక్కుండానే 'ఎంటర్ ది డ్రాగన్' అమెరికాలో విడుదలైంది. ఇంగ్లండులో పిల్లలు వీధుల్లో గాల్లోకి తన్నుతూ తిరిగేవారు. అలాంటి పిల్లల్ని చూసే పాట ఊహ వచ్చిందని డగ్లస్ చెప్పారు. మన ఊళ్లలోనూ కరాటే క్లాసు బోర్డు మీద, సెలూన్ గోడ మీద బ్రూస్ లీ బొమ్మ లేని కాలం ఉందా? 2015లో కూడా ఒక తెలుగు సినిమాకు ఆయన పేరే పెట్టుకున్నారు. కానీ వేడి వేడి మోజు మీద వచ్చిన పాటలు ఆ మోజుతోనే పోతాయి. ఇది పోలేదు. అందుకని మోజు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. పాటలో వచ్చే ఆ చిన్న స్వరాల తునక ఉంది చూడండి, తన-తన-తన-తన అని, అది విన్న వెంటనే 'చైనా' అనిపిస్తుంది. అది చైనా సంగీతం కాదు. చైనాను చూపించడానికి పాశ్చాత్య నాటకాల వాళ్లు పందొమ్మిదో శతాబ్దం నుంచి వాడుకుంటూ వచ్చిన గుర్తు. అయిదు స్వరాల సరళి అది. అయిదు స్వరాల ఔడవ రాగాలు మోహన, హిందోళం అని మనకూ ఉన్నాయి, వాటిని వింటే ఏ దేశం గుర్తొస్తుందో మనల్ని ఎవరూ అడగరు. చైనావాళ్ల పరిస్థితి వేరు. బడిలో, బస్సులో ఆ తునక కూనిరాగం తీసి ఏడిపించేవాళ్లు వాళ్లకు ఎప్పుడూ ఎదురవుతూనే ఉన్నారు. 2011లో ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్‌లో ఒక బార్‌లో ఈ పాట పాడుతున్న గాయకుడి మీద, దారిన పోతున్న చైనా వాళ్లను అవమానించాడని ఫిర్యాదు వచ్చి, పోలీసులు అతన్ని అరెస్టు చేసేదాకా పోయింది. పాట పాడినందుకు అరెస్టేమిటని నాకూ అనిపిస్తుంది. కానీ రోజూ వెక్కిరింత పడినవాడికి ఆ తునక ఎలా వినిపిస్తుందో ఊహించుకోవడం మాత్రం కష్టం కాదు. పాటలో ద్వేషం లేదు, అభిమానమే ఉంది. ఆ అభిమానంలో తెలియనితనం కూడా ఉంది. రెండూ నిజమే.

హిట్టు కొట్టాక ఏమైంది? అందరూ చేసేదే చేశారు. 'డాన్స్ ది కుంగ్ ఫూ' అని రెండో పాట వదిలారు. ఈసారి తెలిసి, తూకం వేసి, మొదటిదాని అచ్చులోనే పోశారు. బ్రిటన్‌లో 35వ స్థానం దాటి పైకి రాలేదు. డగ్లస్‌కు ఆ తర్వాత అంత పెద్ద పాట మళ్లీ పడలేదు. ఒక్క పాట గాయకుడని ఆయన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఎంతమందికి ఆ ఒక్కటైనా దక్కుతుంది? ఆ ఒక్కటీ తిరిగి తిరిగి వస్తూనే ఉంది. 1998లో బస్ స్టాప్ అనే బృందం డగ్లస్ గొంతునే తీసుకుని కొత్త తాళంతో వదిలితే బ్రిటన్‌లో 8వ స్థానానికి ఎక్కింది. 2008లో 'కుంగ్ ఫూ పాండా' సినిమా కోసం సీలో గ్రీన్, జాక్ బ్లాక్ మళ్లీ పాడారు. ఇప్పటి పిల్లలకు ఇది పాండా పాట. వాళ్లకు బ్రూస్ లీ ఎవరో తెలియదు, డిస్కో ఏమిటో అసలే తెలియదు. 'హు' దగ్గర చెయ్యి మాత్రం సరిగ్గా పడుతుంది.

బిడ్డు సంగతి వేరు, ఆయన ఆగలేదు. 1976లో టీనా చార్ల్స్ పాడిన 'ఐ లవ్ టు లవ్' పాటను బ్రిటన్‌లో నంబర్ వన్ చేశారు. 1980లో ఫిరోజ్ ఖాన్ అడిగితే 'ఖుర్బానీ' సినిమాకు ఒకే ఒక్క పాట చేసిచ్చారు, 'ఆప్ జైసా కోయీ'. పాడింది నాజియా హసన్, పదిహేనేళ్ల స్కూలు పిల్ల. లండన్ క్లబ్బుల తాళం మన దేశంలో టీ కొట్టు టేప్‌రికార్డర్ దాకా దిగింది ఆ పాటతోనే. తర్వాతి ఏడాది 'డిస్కో దీవానే' ఆల్బమ్, 1982లో బప్పి లహరి సంగీతంతో 'డిస్కో డాన్సర్' సినిమా వచ్చాయి. ఆ సినిమానే 1984లో బాలకృష్ణతో 'డిస్కో కింగ్' అని తెలుగులో తీశారు. 1986లో 'సింహాసనం'తో బప్పి లహరే నేరుగా తెలుగులోకి వచ్చేశారు. మన డిస్కో పాటల వంశవృక్షం గీస్తే మూలపురుషుల్లో ఒకరుగా ఈ బెంగళూరాయన పేరు రాయాలి. మనం రాయం, బప్పి దా దగ్గర ఆపేస్తాం. 1995లో అలీషా చినాయ్ పాడిన 'మేడ్ ఇన్ ఇండియా' కూడా బిడ్డుదే అని ఈ హాల్లో ఎంతమందికి తెలుసు?

ప్రశ్నలకు వెళ్లేముందు ఇంకో పాట వేస్తాం. ఆ రోజు రెండు గంటలు చెమటోడ్చి చేసిన ఏ సైడ్ పాట ఇది. బాగానే ఉంటుంది, ఎక్కడా వంక పెట్టలేం. దీన్ని ఇంతకుముందు ఎక్కడైనా విన్నవాళ్లుంటే చెయ్యెత్తండి, నాకూ చూడాలనుంది. తర్వాత మీ ప్రశ్నలు మొదలుపెడదాం.