మీ కోడ్‌లో తప్పు లేదు బాసూ, మీ కరెంటులో ఉంది!

ఆపండి. ఆ కోడ్‌ని నాలుగోసారి మార్చడం ఆపండి. వైఫై ఆన్ అవగానే మీ ఈఎస్‌పీ32, అదే వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, ఠపీమని రీసెట్ అవుతోంది. సీరియల్ మానిటర్‌లో "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగ్గర్డ్" అని వస్తోంది, అంటే చిప్‌కి వోల్టేజీ చాలట్లేదని. మీరేమో లైబ్రరీ వెర్షన్ మారుస్తున్నారు! అది ఆకలేస్తోందని నోరు తెరిచి అరుస్తుంటే మీరు దానికి తల దువ్వుతున్నారు.

ఇవాళ ఒక్కటే మాట, పదిసార్లు చెప్తా, విసుక్కోకండి. ఎంబెడెడ్‌లో, అంటే ఇలాంటి చిప్‌లకి ప్రోగ్రాం రాసే పనిలో, ఫ్రెషర్లు రోజుల తరబడి వెతికే బగ్ కోడ్‌లో ఉండదు. కరెంటులో ఉంటుంది!

ఇంత కోపం ఎందుకంటారా? 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తగ్గిస్తామన్న కబురు తర్వాత ఇంట్లో వాళ్లంతా "కోర్ (ఎలక్ట్రానిక్స్) వైపు వెళ్లరా" అనడం మొదలుపెట్టారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర రెండు నిమిషాలు నిలబడండి, ఎంబెడెడ్, వీఎల్‌ఎస్‌ఐ, ఐఓటీ, గ్యారంటీ ప్లేస్‌మెంట్ అంటూ పాంప్లెట్ చేతిలో పెట్టేస్తారు. ఆ గొడవ మీకు తెలిసిందే. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ సంగతైతే అసలే వద్దు, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) చూస్తే పీఎఫ్ ఎక్కడెక్కడ పడిందో తెలిసిపోయే రోజులివి. నా బాధ వేరు. పదుల వేలు కట్టించుకుని, ఎల్‌ఈడీ వెలిగించి, ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) స్లైడ్లు నలభై చూపించి పంపేస్తున్నారు. వోల్టేజీ పడిపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి స్క్రీన్ మీద చూపించరేం?

సరే, పెన్ను తీయండి. లెక్క వేద్దాం.

బ్యాటరీ ప్రాజెక్టు. 18650 లిథియం సెల్, దాని వెనక వోల్టేజీని 3.3కి దించి నిలబెట్టే ఏఎంఎస్1117 రెగ్యులేటర్, 3.3 వోల్ట్ రకం. కాలేజీ ప్రాజెక్టుల్లో ఎక్కడ చూసినా ఇదే జంట. ఆ రెగ్యులేటర్ డ్రాపౌట్, అంటే పని చేయడానికి అది తినేసే కనీస వోల్టేజీ, ఇంచుమించు 1.1 వోల్ట్. అంటే ఇటు 3.3 రావాలంటే అటు 4.4 ఇవ్వాలి. మీ సెల్ నిండుగా ఛార్జ్ అయితే ఎంత? 4.2! కొత్త సెల్ పెట్టినా 0.2 అప్పే. సెల్ 3.7కి దిగేసరికి చిప్‌కి మిగిలేది 2.6. సరిగ్గా అప్పుడే వైఫై ప్రసారం మొదలై 240 మిల్లీయాంప్స్ దాకా లాగుతుంది. సప్లై 500 మిల్లీయాంప్స్ ఇవ్వగలిగి ఉండాలని డేటాషీట్‌లోనే ఉంది. పైగా సెల్ హోల్డర్ స్ప్రింగులు వాటి వాటా అవి తింటాయి. ఢామ్, రీసెట్. ఇందులో కోడ్ ఎక్కడుంది చెప్పండి?

"అన్నా, నేను యూఎస్‌బీ మీదే నడుపుతున్నా" అంటారు. రండి, మీ కేబుల్ కూడా చూద్దాం. ఒక మీటరు సన్నటి ఛార్జింగ్ కేబుల్, లోపల తీగ 28 గేజ్ అనుకుందాం. మీటరుకి 0.21 ఓమ్‌ల చిల్లర. పోను ఒక తీగ, రాను ఒక తీగ, వెరసి 0.43. అర యాంప్ లాగితే 0.2 వోల్ట్ అక్కడే హారతి. బోర్డు మీద షాట్‌కీ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఉంటే ఇంకో 0.3. యూఎస్‌బీ 5 వోల్ట్‌లో మిగిలింది 4.5, అదే ఏఎంఎస్1117కి కావాల్సింది 4.4. అంచు మీద నడక! రెండు మీటర్ల కేబుల్ పెట్టారో, అయిపోయారు.

ఇప్పుడు అసలు మోసగాడు, మల్టీమీటర్. "కొలిచానన్నా, 3.3 కరెక్ట్‌గా ఉంది." అది సెకనుకి రెండు మూడుసార్లు చూసి సగటు చెబుతుంది. మీ వోల్టేజీ మిల్లీసెకను కంటే తక్కువసేపు పడి లేస్తుంది. రోజుకి మూడుసార్లు గేటు దాకా వచ్చిపోయే వాచ్‌మన్ దొంగని పట్టుకున్నట్టే! స్కోప్ (వోల్టేజీని క్షణక్షణం గీతగా చూపించే ఆసిలోస్కోప్) పెట్టండి. ప్రోబ్ 10ఎక్స్, డీసీ కప్లింగ్, ట్రిగ్గర్ ఫాలింగ్ ఎడ్జ్, లెవెల్ 3.0 వోల్ట్ (అంటే వోల్టేజీ 3.0 కిందికి పడగానే పట్టుకో అని), సింగిల్ మోడ్, టైమ్ బేస్ ఒక మిల్లీసెకను. ప్రోబ్ చిప్ 3.3 పిన్ దగ్గరే పెట్టాలి, రెగ్యులేటర్ దగ్గర కాదు. గ్రౌండ్ తీగ పొడుగ్గా ఉంటే లేని రింగింగ్ (గీత ఊగులాట) కనిపిస్తుంది, దగ్గర గ్రౌండ్‌కే తగిలించండి. వైఫై ఆన్ చేయండి. గుంత కనబడుతుంది.

ఆన్‌లైన్‌లో ఒక చిట్కా తిరుగుతోంది: బ్రౌనౌట్ రిజిస్టర్‌లో (చిప్ లోపలి సెట్టింగ్) సున్నా రాసి ఆ డిటెక్టర్‌నే ఆపేయమని. అయ్యా, ఫ్యూజు పోతోందని ఫ్యూజు బదులు మేకు పెడతారా? రీసెట్ ఆగుతుంది నిజమే. తక్కువ వోల్టేజీలో ఫ్లాష్ రాస్తూ డేటా చెడిపోతే అప్పుడు ఏ రిజిస్టర్‌లో సున్నా రాస్తారు?

చేయాల్సింది: రెగ్యులేటర్ మార్చడం. ఏపీ2112కే (AP2112K), 3.3 వోల్ట్ రకం. 600 మిల్లీయాంప్స్ ఇస్తుంది, ఫుల్ లోడ్‌లో కూడా డ్రాపౌట్ పావు వోల్ట్ దగ్గరే. హెచ్‌టీ7333 మాత్రం తేకండి. డ్రాపౌట్ తక్కువని అందరూ ఎగబడతారు కానీ దాని సత్తా 250 మిల్లీయాంప్స్. చిప్ పిన్‌కి ఆనుకుని 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. పక్కన 470 పెద్దది ఒకటి. 470 ఎందుకు? లెక్కకి 300 మిల్లీయాంప్స్ లోటు అనుకుంటే, దాన్ని 0.1 మిల్లీసెకను మోస్తూ 0.1 వోల్ట్ మించి జారకూడదంటే 300 మైక్రోఫారడ్ కావాలి, మార్కెట్‌లో సులువుగా దొరికేది 470. ఒక చిక్కుంది. పెద్ద కెపాసిటర్ పెడితే వోల్టేజీ నెమ్మదిగా ఎక్కుతుంది, చిప్ ముందే నిద్రలేచి తడబడుతుంది. అందుకే చిప్‌ని నిద్రలేపే ఈఎన్ పిన్‌కి 10 కిలో ఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కాస్త ఆలస్యంగా లేవడానికి.

"ఐ2సీ రావట్లేదు" అనేవాళ్లకి కూడా అదే జవాబు. అదీ కరెంటే! లైన్‌ని పైకి లాగేది పులప్ రెసిస్టర్ గుండా వచ్చే కరెంటే కదా. చిప్ లోపలి పులప్ 45 కిలో ఓమ్‌లు, లైన్ మీద 100 పికోఫారడ్, ఎక్కడానికి దాదాపు 3.8 మైక్రోసెకన్లు. 100 కిలోహెర్ట్జ్‌లో గరిష్ఠంగా ఒప్పుకునేది 1. బయట 4.7 కిలో ఓమ్ పెడితే 0.4కి వస్తుంది.

ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. ఆదివారం వెళ్లారంటే చాలావరకు షట్టర్లే, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని రావాలి. స్కోప్ కొనక్కర్లేదు, కాలేజీ ల్యాబ్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, బతిమాలండి. లేదంటే 2023లో తెరిచిన టీ-వర్క్స్ (ప్రోటోటైపులు తయారుచేసుకునే కేంద్రం) రాయదుర్గంలోనే ఉంది, వెళ్లి అడగండి.

ఇక రెజ్యుమే. "ఎంబెడెడ్ సి, ఐ2సీ, ఎస్‌పీఐ" అన్న లైన్ కొట్టేయండి, అది అందరి దగ్గరా ఉంది. ఇలా రాయండి: "వైఫై ప్రసారంలో 3.3 లైన్ ఎంతకి పడిందో స్కోప్‌లో పట్టుకున్నాను, రెగ్యులేటర్ మార్చాక ఎంతకి ఆగిందో కొలిచాను." రెండు నంబర్లూ వేయండి. ఇంటర్వ్యూ చేసేవాడు పని తెలిసినవాడైతే ఊరుకోలేడు, "ట్రిగ్గర్ ఎక్కడ పెట్టావ్?" అని అడిగి తీరతాడు. మిగతా అరగంట మీదే. స్కోప్ ముట్టుకోకుండా రాశారో, ఆ ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

కింద కామెంట్‌లో మీ బోర్డు ఎంతకి పడిందో పెట్టండి, కేబుల్ పొడవుతో సహా. అందరికంటే లోతు గుంత పిన్ చేస్తా. మల్టీమీటర్ రీడింగ్ పెట్టారో, డిలీట్!