మిలాన్‌లో ఒక్కపూట గ్రాండ్‌గా తినాలంటే ఎక్కడికి వెళ్లాలి?

హాయ్ అండి, అందరూ బాగున్నారా! ఇటలీ ట్రిప్ అనగానే మనోళ్లు రోమ్, వెనిస్ తిరిగేసి మిలాన్‌లో డువోమో చర్చి ముందు నాలుగు ఫోటోలు దిగి ఫ్లైట్ ఎక్కేస్తారు, కానీ జేబు కాస్త గట్టిగా ఉండి ఒక్కపూట మంచి ఫైన్ డైనింగ్ చేద్దాం అనుకుంటే మాత్రం నా ఓటు మిలాన్‌కే.

(స్క్రీన్ మీద: పసుపు రంగు రిసొట్టో, మధ్యలో బంగారు రేకు)

ఇది చూడండి. కుంకుమపువ్వు వేసి వండిన రిసొట్టో, అంటే ముద్దగా ఉండే ఇటాలియన్ రైస్ ఐటమ్, పైన ఉన్నది నిజం బంగారమే, మన స్వీట్ల మీద వెండి రేకు తినేసినట్టే దీన్నీ తినేయొచ్చు. 1981లో దీన్ని చేసింది గ్వాల్టియెరో మార్కెజీ అనే చెఫ్. మిషెలిన్ అనే రెస్టారెంట్ల గైడ్ ఇచ్చే స్టార్లలో మూడే టాప్, ఇటలీలో ఆ మూడు స్టార్లూ వచ్చిన మొదటి రెస్టారెంట్ ఆయనదే, 1980ల మధ్యలో, ఇదే ఊళ్లో. అలాంటాయన 2008కి వచ్చేసరికి మీ మార్కులు నాకొద్దు అని ఆ గైడ్ వాళ్లకే చెప్పేశారు! 2017లో చనిపోయారు కానీ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు పెద్ద పెద్ద చెఫ్‌లు.

వాళ్లలో కార్లో క్రాకో ఒకరు, ఇటలీ మాస్టర్‌చెఫ్‌లో జడ్జిగా చేశారు. ఆయన రెస్టారెంట్ డువోమో పక్కనే, గాజు పైకప్పు ఉన్న గలేరియా అనే షాపింగ్ ఆర్కేడ్‌లో, 2018 నుంచి ఉంది. గుడ్డు పచ్చసొనని ఉప్పు, చక్కెరలో ఊరబెట్టి చేసే ఐటమ్ ఆయన ట్రేడ్‌మార్క్. ఇంకొకరు దవిదె ఓల్దానీ, ఈయన రెస్టారెంట్ డి'ఓ మిలాన్ బయట కొర్నరేదోలో ఉంటుంది, అక్కడ హీరో ఎవరో తెలుసా, ఉల్లిపాయ! కారమెలైజ్ చేసిన ఉల్లిపాయకి గ్రానా పదానో చీజ్ ఒకటి వేడిగా, ఒకటి ఐస్‌క్రీమ్‌లా చల్లగా ఇస్తారు, వినడానికి వింతగానే ఉంటుంది.

స్టార్ల లెక్కే కావాలంటే ఎన్రికో బార్తొలీని అనే చెఫ్ రెస్టారెంట్. ముదెక్ అనే మ్యూజియం మూడో అంతస్తులో ఉంటుంది, 2020 గైడ్‌లో మూడు స్టార్లు వచ్చాయి, మార్కెజీ తర్వాత మిలాన్‌కి మళ్లీ మూడు రావడం అదే. బిల్లు కూడా ఆ లెవెల్‌లోనే ఉంటుంది, వైన్ లేకుండానే మనిషికి వందల యూరోలు అనుకోండి.

నన్నడిగితే మాత్రం ఫస్ట్ ఆయిమో ఎ నాదియా. 1962లో టస్కనీ నుంచి వచ్చిన భార్యాభర్తలు పెట్టిన చోటు, ఊరి మధ్యలో కూడా కాదు. వాళ్ల ఫేమస్ డిష్ ఉల్లికాడల స్పఘెట్టి, ఆలివ్ ఆయిల్, కాస్త మిరపకాయ, అంతే. బంగారం లేదు, పొగలు లేవు. ఇంత సింపుల్ దాన్ని దశాబ్దాలుగా మెనూలో నిలబెట్టడమే అసలు పనితనం అని నా ఫీలింగ్.

ఇప్పుడు శాకాహారులు జాగ్రత్తగా వినండి. మిలాన్ రిసొట్టో చూడ్డానికి వెజ్‌లాగే ఉంటుంది గానీ పాత పద్ధతిలో ఎముక మూలుగ, మాంసం స్టాక్ వేస్తారు. పార్మిజానో, గ్రానా పదానో చీజ్‌లు గట్టిపడ్డానికి వాడే రెన్నెట్ దూడ పొట్టలోంచి తీసేది, కాబట్టి "నో మీట్" అంటే సరిపోదు, ఇవన్నీ విడివిడిగా బుకింగ్ టైమ్‌లోనే రాసి పెట్టండి. ఈ గోల లేకుండా కావాలంటే జోయా అనే వెజ్ రెస్టారెంట్ ఉంది, పోర్తా వెనెత్సియా దగ్గర, స్విట్జర్లాండ్‌లో పుట్టిన పియెత్రో లీమన్ 1989లో మొదలుపెట్టారు. 1996లో స్టార్ వచ్చింది, యూరప్‌లో వెజ్ రెస్టారెంట్‌కి రావడం అదే మొదటిసారి. అక్కడ కూడా చీజ్ సంగతి ఒకసారి అడగండి, అడిగితే పోయేదేం లేదు కదా.

డబ్బులు మిగలాలంటే మధ్యాహ్నం వెళ్లండి, చాలాచోట్ల లంచ్‌కి చిన్న మెనూ ఉంటుంది. టేస్టింగ్ మెనూ, అంటే చెఫ్ ఎంచిన చిన్న చిన్న ఐటమ్స్ వరసగా వచ్చేది, అయితే సాధారణంగా టేబుల్ మీద అందరూ అదే తీసుకోవాలి, మీ ఆయన ఒక్కడికి పాస్తా చాలు అంటే కుదరదు. బుకింగ్‌కి కార్డ్ నంబర్ అడుగుతారు, చెప్పకుండా మానేస్తే డబ్బులు కట్ అవుతాయి. మంచినీళ్లకి కూడా బిల్లే. ఆగస్టు మధ్యలో అయితే సగం ఊరు సెలవులకి వెళ్లిపోతుంది, రెస్టారెంట్లు కూడా మూసేస్తారు, టికెట్ బుక్ చేసే ముందే చూసుకోండి.

అంత బడ్జెట్ లేదంటారా, గలేరియాలో క్రాకో రెస్టారెంట్ కింద ఆయనదే కేఫ్ ఉంది, కాఫీ, ఒక పేస్ట్రీ తీసుకుని కూర్చోండి.