గీసిన గీత దాటని పిల్లల గురించి

నమస్తే అండీ. "మా అమ్మాయి చెప్పిన మాట జవదాటదు" అని మురిసిపోయే తల్లిదండ్రులను మీరూ చూసే ఉంటారు. ఈరోజు అలాంటి పిల్లల్లో, అంతా తన చుట్టూనే తిరగాలనుకునే అమ్మ దగ్గరో నాన్న దగ్గరో పెరిగే కొందరి గురించి మాట్లాడదాం. అల్లరి చేసేవాళ్ల గురించి స్కూలు నుంచి ఇంటికి ఫోన్ వస్తుంది. వీళ్లను మాత్రం అందరూ మెచ్చుకుంటారు. అందుకే వీళ్ల బాధ ఎవరికీ కనబడదు.

ముందే ఒకటి చెప్పాలి. అలాంటి అమ్మానాన్నలను నార్సిసిస్టులు, అంటే తమ గొప్పే తప్ప ఎదుటివాళ్ల మనసు పట్టనివాళ్లు, అంటుంటారు. కానీ కోప్పడే ప్రతి నాన్నా, మార్కులడిగే ప్రతి అమ్మా నార్సిసిస్ట్ కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాన్యువల్ ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5 ఉంటేనే అది డిజార్డర్. అదీ నిపుణులే తేల్చాలి. నేను మాట్లాడేది, ఒక్కరి మూడ్ చుట్టూ ఇల్లంతా తిరిగే పరిస్థితి గురించి.

ఇంటర్ రిజల్ట్స్ రోజు తీసుకోండి. మార్కులు బాగా వస్తే "నా పెంపకం" అంటూ నాన్న బంధువులందరికీ ఫోన్లు చేస్తాడు. తగ్గితే "నా పరువు తీశావు" అని వారం రోజులు మాట్లాడడు. నీకెలా ఉందమ్మా అని పిల్లను అడిగినవాళ్లు లేరు. ఏడిస్తే, "నీ కోసం ఇంత చేస్తే నా ముందే ఏడుస్తావా" అంటాడు. చివరికి ఆ పిల్లే వెళ్లి సారీ చెప్పి, బతిమాలి, ఆయన చేత అన్నం తినిపిస్తుంది. ఎవరు ఎవరిని ఓదార్చాలి చెప్పండి?

ఇలా పెరిగిన పిల్ల, గేటు వేసిన చప్పుడు విని నాన్న కోపంగా ఉన్నాడో లేదో చెప్పేస్తుంది. తనకేం కావాలో మాత్రం చెప్పలేకపోతుంది. హోటల్‌కి తీసుకెళ్లి ఏం తింటావంటే "మీ ఇష్టం" అంటుంది. పెన్ను పోయినా అబద్ధమాడుతుంది, నిజం చెబితే ఏమవుతుందో చిన్నప్పుడే చూసింది కాబట్టి. పెద్దయ్యాక భర్త అలసిపోయి మౌనంగా కూర్చున్నా, నా వల్లేనేమో అని టెన్షన్ పడుతుంది. బ్రిటన్‌కు చెందిన పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1960లోనే దీన్ని 'ఫాల్స్ సెల్ఫ్' అన్నారు. ఎదుటివాళ్లకు నచ్చేలా బతకడం అలవాటై, అసలు మనిషి లోపలే ఉండిపోవడం.

ఇద్దరు పిల్లలుంటే ఒకరిని నెత్తిన పెట్టుకుని, తప్పులన్నీ రెండోవాళ్ల మీదకు నెట్టే ఇళ్లున్నాయి. నెత్తికెక్కినవాళ్లు అదృష్టవంతులనుకుంటాం, కానీ వాళ్లకూ నష్టమే. నెదర్లాండ్స్‌లో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు 565 మందిని గమనించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. మా బిడ్డ అందరికన్నా గొప్ప అని తల్లిదండ్రులు నమ్మిన చోట పిల్లల్లో ఆ తర్వాత నార్సిసిజం పెరిగింది. ఊరికే ప్రేమ చూపించిన చోట ఆత్మగౌరవం పెరిగింది. ఈ తేడా నన్ను చాలా ఆలోచింపజేసింది.

మీ బంధువుల్లో ఇలాంటి పిల్ల ఉంటే, దయచేసి "మీ నాన్నే కదా, సర్దుకుపో" అనకండి. అత్త అయినా, తాతయ్య అయినా, టీచరైనా, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. "నీ తప్పేం లేదు" అని పైకే చెప్పండి. ఇది మీ కథే అయితే, టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.