గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్, డిఫరెన్షియల్‌లో ఏ ఆయిల్? కొనేముందు ఇది చూడండి

హాయ్ అండీ అందరికీ. ఇంజిన్ ఆయిల్ అంటే అందరూ అడిగి మరీ పోయిస్తారు, కానీ కింద గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో, అంటే రెండు చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టెలో, ఏం పోస్తున్నారో చాలామంది అసలు చూడరు. ఈరోజు దాని సంగతి చూద్దాం.

ఇదిగో ఈ డబ్బా మీద చూడండి, 75డబ్ల్యూ-90 అని చిక్కదనం చెప్పేది ఒకటి, జీఎల్-4 అనో జీఎల్-5 అనో గేర్ ఆయిల్ రకం చెప్పేది ఇంకోటి రాసుంటుంది. ఎక్కువమంది ఆ మొదటిది చూసి కొనేస్తారు, నేను మాత్రం ముందు జీఎల్ నంబరే చూడమంటాను. 4 కన్నా 5 పెద్దది కదా, ఇంకా మంచిదేమో అనుకుంటారు, అలా కాదండీ, రెండింటి పని వేరు.

వెనక డిఫరెన్షియల్‌లో మామూలుగా హైపాయిడ్ గేర్లు ఉంటాయి, అంటే పినియన్ (తిప్పే చిన్న గేరు) సరిగ్గా క్రౌన్ వీల్ (తిరిగే పెద్ద గేరు) మధ్యలో కాకుండా కాస్త పక్కకి జరిగి ఉంటుంది, దాంతో పళ్ళు దొర్లడమే కాదు గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి, ఆ ఒత్తిడికి ఉత్త ఆయిల్ పొర తట్టుకోలేదు. అందుకే జీఎల్-5లో సల్ఫర్, ఫాస్ఫరస్ ఉన్న ఈపీ అడిటివ్స్, అంటే గట్టి ఒత్తిడిలో పళ్ళని కాపాడే రసాయనాలు, ఎక్కువ వేస్తారు, మూత తీయగానే కొట్టే ఆ ఘాటు వాసన సల్ఫర్‌దే.

ఇక మాన్యువల్ గేర్‌బాక్స్‌కి వద్దాం. ఇందులో చాలావాటికి ఇత్తడి సింక్రో రింగులుంటాయి, మీరు గేర్ మార్చినప్పుడు ఆ రింగు రాపిడితోనే స్పీడు కలిపి గేరు పడేలా చేస్తుంది. అక్కడ జీఎల్-5 పోస్తే రింగుకి పట్టు సరిగ్గా దొరక్క గేరు గరగరమంటూ పడొచ్చు, కొన్ని అడిటివ్స్ అయితే వేడికి ఇత్తడిని కూడా తినేస్తాయి. పోనీ గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ రెండింట్లో జీఎల్-4 పోసేద్దామా అంటే హైపాయిడ్ పళ్ళు అరిగిపోతాయి. కాబట్టి బండితో వచ్చిన ఓనర్ మాన్యువల్ బుక్‌లో గేర్‌బాక్స్‌కి జీఎల్-4 అని ఉంటే జీఎల్-4, అంతే. కొన్ని గేర్‌బాక్సులకి కంపెనీయే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) పోయమంటుంది, అది కూడా బుక్ చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత చిక్కదనం. 90 అనగానే భయపడకండి, గేర్ ఆయిల్ కొలత వేరు, వేడెక్కాక ఇది 40 ఇంజిన్ ఆయిల్‌కి దగ్గరదగ్గరగానే ఉంటుంది. డబ్ల్యూ ముందున్న నంబరు చలిలో ఎలా పారుతుందో చెప్తుంది, అది తగ్గేకొద్దీ చల్లటి పొద్దున గేర్లు తేలిగ్గా పడతాయి.

ముందు చక్రాలు తిరిగే బండ్లలో ఎక్కువగా గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి, ఒకే ఆయిల్. ఆటోమేటిక్, సీవీటీ (మెట్లు లేకుండా గేర్ నిష్పత్తి మార్చే ఆటోమేటిక్ రకం) గేర్‌బాక్సులకి గేర్ ఆయిల్ అస్సలు వద్దు, వాటి ఫ్లూయిడ్ వాటికే. క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా అడ్డుకునేది) అయితే ఫ్రిక్షన్ మాడిఫయర్, అంటే రాపిడిని సరిచేసే అడిటివ్, కలిసిన ఆయిల్ కావాలి, లేకపోతే మలుపుల్లో కటకటమని శబ్దం వస్తుంది.

మార్చేటప్పుడు దయచేసి ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ వదులు చేయండి, అది ఊడుతుందని తేలాకే కింద డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోండి. పైది పట్టేసి ఉండి కిందనుంచి ఆయిలంతా వదిలేశారంటే బండి ఇక అక్కడే. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దానిమీద సన్నటి నల్ల పేస్టు మామూలే, ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ పోసి మూసేయకండి, గేర్లు విప్పించి చూపించండి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే లోపలికి నీళ్ళు పోయాయన్నట్టే. అంతా బాగుంటే చాలా బండ్లలో, బండి సమతలంగా ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం అంచుదాకా వచ్చి కారడం మొదలవ్వగానే ఆపి ప్లగ్ బిగించేయడమే.